ఇటలీ వాళ్ళని పొద్దున టిఫిన్‌కి ఏం కావాలో వాళ్ళ భాషలో ఎలా అడగాలి?

చీమకుర్తి అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది చీమకుర్తి. ఇక్కడ ఒక గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ కంపెనీ గెస్ట్‌హౌస్‌లో మా అమ్మ వంట చేస్తుంది, నేను రూములు, బిల్లులు, వచ్చినవాళ్ళకి కావలసినవి చూసుకుంటాను. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ బ్లాకులు చూసి మార్కింగ్ వేసుకోవడానికి బయటి దేశాల నుంచి బయ్యర్లు వస్తుంటారు కదా. వచ్చే సోమవారం ఇటలీ నుంచి నలుగురు వస్తున్నారు, వెరోనా దగ్గర ఊరట. అందులో ఒకాయనకి డెబ్భై దాటాయి, ఇంగ్లీషు దాదాపు రాదని మేనేజర్ గారు చెప్పారు. ఐదు రోజులుంటారు.

నా టెన్షన్ అంతా పొద్దున టిఫిన్ గురించే. పోయినేడాది కూడా ఇటలీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. అమ్మ నాలుగింటికే లేచి ఇడ్లీ, వడ, అల్లం చట్నీ, పచ్చిమిరపకాయలు వేసిన ఆమ్లెట్ చేసి టేబుల్ నిండా పెట్టింది. వాళ్ళు నవ్వుతూ థాంక్యూ అన్నారు, తలా ఒక కాఫీ తాగి లేచిపోయారు. ఆ కాఫీ కూడా సగం వదిలేశారు. పదకొండు గంటలకి క్వారీలో ఎండకి ఒకాయనకి కళ్ళు తిరిగితే కొబ్బరినీళ్ళు తాగించి కూర్చోబెట్టారట. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అమ్మ మాత్రం "అడగకుండా పెట్టాను, తప్పు నాదే" అని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

అందుకే ఈసారి ముందే అడగాలనుకుంటున్నాను, అదీ వాళ్ళ భాషలో. ఫోన్‌లో చూస్తే "కోసా వువోయ్ మన్జారె" అని వచ్చింది. పెద్దాయన్ని అలా అడగొచ్చా? అసలు వాళ్ళు పొద్దున్నే ఏం తింటారు? ఇటలీలో ఉన్నవాళ్ళు, వాళ్ళతో పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. తెలుగు అక్షరాల్లో రాస్తే అమ్మ కూడా చదువుకుంటుంది.

కావలి టు పాదొవా

చెల్లీ, నేను కావలి వాడిని, రెండేళ్ళుగా పాదొవాలో చదువుతున్నాను. వెరోనా ఇక్కడికి రైల్లో గంట ప్రయాణం, కాబట్టి నీ దగ్గరికొచ్చేవాళ్ళ అలవాట్లు నాకు రోజూ కనబడేవే.

ముందు ఆ ఫోన్‌ వాక్యం సంగతి. అది తప్పు ఇటాలియన్ కాదు, కానీ "నువ్వు ఏం తింటావు" అన్నట్టుంటుంది. స్నేహితుడిని అడగొచ్చు, డెబ్భై ఏళ్ళ కొత్త మనిషిని అడగకూడదు. వాళ్ళకీ మనలాగే నువ్వు, మీరు తేడా ఉంది. నువ్వు అంటే "తు", మీరు అంటే "లేయ్". "లేయ్" అన్నప్పుడు క్రియ మారిపోతుంది, వువోయ్ కాస్తా "వువోలె" అవుతుంది. ఇంకో విషయం, "లేయ్" అనే మాటకి "ఆమె" అనే అర్థం కూడా ఉంది, కానీ మర్యాదకి మగవాళ్ళనీ అలాగే అంటారు, అందుకని కంగారుపడకు. నలుగురినీ కలిపి అడిగితే ఈ గొడవే లేదు, అందరికీ "వోయ్" సరిపోతుంది.

పెద్దాయన్ని అడగాల్సింది ఇలా: "కోసా ప్రెన్దె ఆ కొలత్సియోనె?" అంటే పొద్దున టిఫిన్‌కి ఏం తీసుకుంటారు అని. అందరినీ కలిపి అయితే "కోసా ప్రెన్దేతె ఆ కొలత్సియోనె?". కొలత్సియోనె అంటే పొద్దున తినేది. హోటల్ బోర్డుల మీద "ప్రీమా కొలత్సియోనె" అని ఉంటుంది, ఎందుకంటే పాతకాలంలో కొలత్సియోనె అని మధ్యాహ్న భోజనాన్ని కూడా అనేవాళ్ళు. టిఫిన్ చేయడం అనడానికి వాళ్ళూ "చేయడం" అనే అంటారు, "ఫారె కొలత్సియోనె". తినడం అనే క్రియ ఇక్కడ వాడరు. మనం టిఫిన్ చేశారా అన్నట్టే.

ఇక వాళ్ళు తినేది. ఎక్కువమందికి పొద్దున్నే తీపి కావాలి. కారం, ఉప్పు, నూనె, ఉల్లిపాయ వాసన ఆ టైంలో చాలామందికి సహించదు. మీ అమ్మగారి వంటలో లోపమేం లేదు, ఆ గంటకి వాళ్ళ కడుపు అడిగేది వేరు. బయట తింటే బార్‌లో నిలబడి ఒక కపుచ్చీనో (నురగ పాల కాఫీ), ఒక కొర్నెత్తో (నెలవంక ఆకారపు తీపి బన్ను), ఐదు నిమిషాల్లో అయిపోతుంది. బార్ అంటే మందు కొట్టు అనుకోకు, ఇక్కడ కాఫీ కొట్టునే బార్ అంటారు. ఆ కొర్నెత్తోనే వెరోనా వైపు "బ్రియోష్" అంటారు, వాళ్ళ నోట ఆ మాట వస్తే అదే అని గుర్తుపట్టు. ఇంట్లో అయితే పాలు కలిపిన కాఫీలో బిస్కెట్లు ముంచుకుని తినడం, లేదంటే "ఫెత్తె బిస్కొత్తాతె" మీద వెన్న, జామ్ రాసుకోవడం. అవి అచ్చం మన బేకరీ రస్కుల్లాంటివే! నేను వచ్చిన కొత్తల్లో వాటిని చూసి కావలి బస్టాండ్ దగ్గర టీ కొట్టు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

కాబట్టి రెండో ప్రశ్న తప్పకుండా అడుగు: "ప్రెఫెరిష్షె ఇల్ దోల్చె ఒ ఇల్ సలాతో?" తీపి కావాలా, ఉప్పగా ఉండేది కావాలా అని. "ఏం కావాలి" అని ఊరికే అడిగితే మొహమాటానికి "నియెన్తె" అంటారు, అంటే ఏమీ వద్దని. ఇదా అదా అని అడిగితే చెప్తారు.

ట్రంకు రోడ్డు ఒంగోలు

నాకు ఇదంతా అవసరమా అనిపిస్తోంది. నలుగురిలో ఒకరికైనా ఇంగ్లీషు వస్తుంది కదా, వాళ్ళనడిగితే సరిపోతుంది. పైగా మన దేశం వచ్చినవాళ్ళు మన తిండి తినాలి, మనం వాళ్ళ ఊరు వెళ్తే వాళ్ళు మనకి పెసరట్టు వేసి పెట్టరు. కారం తగ్గించి ఇడ్లీ, నెయ్యి దోశ పెట్టండి. రొట్టె ముక్క, జామ్ పెట్టి పంపిస్తే ప్రకాశం జిల్లా వచ్చి ఏం తిన్నారని చెప్పుకుంటారు వాళ్ళు?

కోవూరు వంటమనిషి

అన్నా, నీ అభిమానం నాకూ ఉంది, నేనూ నెల్లూరు వాడినే. కానీ నేను ఎనిమిదేళ్ళు ఇటలీలోని జెనోవా రేవు నుంచి బయల్దేరే ఓడల్లో వంట చేశాను, పొద్దున టిఫిన్ సెక్షన్ నాదే. మనిషి మధ్యాహ్నం కొత్త తిండి ఎంతైనా రుచి చూస్తాడు, రాత్రి ఇంకా బాగా చూస్తాడు, పొద్దున లేచిన వెంటనే మాత్రం తన అలవాటే కావాలంటాడు. మనవాళ్ళు ఓడ ఎక్కి వారం తిరక్కుండానే పచ్చడి మెతుకుల కోసం అల్లాడిపోయేవాళ్ళు, నేను కళ్ళారా చూశాను. అందుకని పొద్దున వాళ్ళది పెట్టి, మధ్యాహ్నం మనది పెడితే ఇద్దరికీ న్యాయం.

ఇంగ్లీషు వచ్చినవాళ్ళని అడిగితే చాలన్నారు. చాలదు. వాళ్ళు తమకి కావలసింది చెప్తారు, పెద్దాయనకి అదే చాల్లే అనుకుంటారు. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది ఆయనే.

అమ్మాయ్, కాఫీ గురించి చెప్తాను, పోయినేడాది వాళ్ళు సగం ఎందుకు వదిలేశారో నాకు అర్థమైంది. మనం పాలల్లో పంచదార వేసి మరిగించి, మీగడ తేలేలా ఇస్తాం. వాళ్ళకి పంచదార విడిగా పెట్టాలి. కొందరు అసలు వేసుకోరు. పొడి చికోరీ కలవనిది తీసుకో, ఒంగోల్లో దొరుకుతుంది. స్టీలు ఫిల్టర్‌లో డికాక్షన్ చిక్కగా దించి, వేడి పాలు వేరే గిన్నెలో వడగట్టి పెట్టు, గేదె పాలైతే మీగడ తీసేయి. ఎవరికి కావలసినంత వాళ్ళు కలుపుకుంటారు. సగం పాలు సగం డికాక్షన్ అంటే అదే వాళ్ళ "కఫ్ఫెలాత్తె". వాళ్ళ ఇళ్ళల్లో "మోకా" అని చిన్న అల్యూమినియం కుండ ఉంటుంది, 1933లో బియలెత్తి అనే ఆయన తెచ్చింది, కింద నీళ్ళు మరిగి ఆవిరి తోపుకి పొడిలోంచి పైకి ఎక్కుతాయి. మన ఫిల్టర్‌లో పైనుంచి కిందికి దిగుతాయి. రుచి ఒకటే కాదు గానీ ఇన్‌స్టంట్ పొడికంటే ఇది వాళ్ళకి చాలా దగ్గర.

ఒక జాగ్రత్త. వాళ్ళెవరైనా "లాత్తె" అంటే కాఫీ తేకు. లాత్తె అంటే ఉత్త పాలు! మన సిటీల్లో కాఫీ షాపుల్లో లాత్తె అంటే పాల కాఫీ కదా, అక్కడ అలా కాదు. "కొన్ లాత్తె ఒ సెన్త్సా?" అని అడుగు, పాలతోనా లేకుండానా అని.

బజారు సరుకు: రస్కులు, ఉప్పు లేని వెన్న, ఏదో ఒక పండ్ల జామ్, మంచి తేనె, తియ్యని సాదా బిస్కెట్లు, ఆ ఇటలీ వాళ్ళ చాక్లెట్ క్రీమ్ నుటెల్లా (1964 నుంచి ఉంది, వాళ్ళ పిల్లలందరూ దాంతోనే పెరిగారు, సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది), అరటిపళ్ళు, బత్తాయి రసం. రసం అప్పటికప్పుడే పిండి ఇవ్వండి, ఐసు వేయొద్దు. ఇంతే. రోజూ నాలుగింటికే లేవాల్సిన పని మీ అమ్మగారికి ఉండదు.

కందుకూరు మాస్టారు

అమ్మా, నేను తెలుగు పంతులుగా పని చేసి రిటైరయ్యాను, ఇటాలియన్ సరదాగా నేర్చుకున్నాను. మన తెలుగుని తూర్పు దేశపు ఇటాలియన్ అంటారు కదా, రెండింటిలోనూ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి. నాకు అంతకంటే నచ్చింది ఇంకొకటి ఉంది.

ఇంగ్లీషులో "నేను కాఫీని ఇష్టపడతాను" అన్నట్టు చెప్తారు. మనం అలా అనం, "నాకు కాఫీ ఇష్టం" అంటాం. ఇటాలియన్‌లో కూడా అచ్చం అంతే: "మి పియాచె ఇల్ కఫ్ఫే". మి అంటే నాకు. అందువల్ల మీరు ఇంగ్లీషులో ఆలోచించి మార్చుకోకండి, తెలుగులోంచి నేరుగా వెళ్ళిపోండి. "మీకు రస్కులు ఇష్టమా" అంటే "లె పియాచ్చొనొ లె ఫెత్తె బిస్కొత్తాతె?". ఇక్కడ మొదటి "లె" అంటే మీకు. ఒక వస్తువైతే పియాచె, ఎక్కువైతే పియాచ్చొనొ, అదొక్కటే గుర్తుంచుకోవాలి. "మీకు పాలు ఇష్టమా" అంటే "లె పియాచె ఇల్ లాత్తె?", వాళ్ళకి పాలు ఏకవచనం.

పలకడం కూడా మనకి తేలిక. కఫ్ఫే, లాత్తె, కొర్నెత్తో, వీటిలో ఒత్తులు పూర్తిగా పలకాలి, మనం అమ్మ, అక్క అన్నట్టు. ఇంగ్లీషు వాళ్ళు అక్కడే తడబడతారు, మనం తడబడం. వాళ్ళ రాతలో "సి", "హెచ్" అక్షరాలు పక్కపక్కన కనబడితే "చ" అని చదవకండి, అది "క". "హెచ్" ఒంటరిగా ఉంటే పలకనే పలకరు.

చీమకుర్తి అమ్మాయి

మాస్టారూ, అన్నయ్యా, కోవూరు అన్నా, మీకెలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఒక నోట్‌బుక్‌లో అంతా రాసి అమ్మకి చదివి వినిపించాను. "నాకు ఇష్టం" సంగతి అమ్మకి భలే నచ్చింది, "అయితే వాళ్ళు మనలాగే ఆలోచిస్తారన్నమాట" అంది.

ఇంకో మూడు అడుగుతాను, విసుక్కోకండి. ఎన్ని గంటలకి తింటారని ఎలా అడగాలి? పడనివి ఏమైనా ఉంటే ఎలా తెలుసుకోవాలి? ఎప్పుడు అడగాలి, పొద్దున లేచాకా, ముందు రోజా?

కావలి టు పాదొవా

ముందు రోజు రాత్రి భోజనం అయ్యాకే అడుగు. నిద్ర లేచి కాఫీ పడకముందు ప్రశ్నలు వేస్తే ఎవరూ సరిగ్గా చెప్పరు. "ఆ కె ఓరా ఫాతె కొలత్సియోనె?" అంటే ఎన్నింటికి టిఫిన్ చేస్తారు అని, నలుగురికీ కలిపి. అంకెలు వాళ్ళు చెప్పినా అర్థం కాకపోతే గడియారం చూపించు, లేదంటే వేళ్ళు చూపించమను.

పడనివాటికి "అవేతె అల్లెర్జీయె?". అలెర్జీ అన్నట్టే వినబడుతుంది కాబట్టి వాళ్ళకి తెలిసిపోతుంది. ఒక్కరినే అడగాలంటే "చె క్వల్కోసా కె నొన్ మన్జా?", అంటే మీరు తిననిది ఏమైనా ఉందా అని. ఈ ప్రశ్న పెద్దాయనకి తప్పకుండా వెయ్యి, ఆ వయసులో షుగర్, బీపీ ఉండొచ్చు, తీపి ఇష్టమని జామ్ ముందు పెట్టి ఊరుకోకూడదు.

ఎవరైనా "సోలొ ఉన్ కఫ్ఫే" అంటే ఒక్క కాఫీ చాలని. ఇక్కడ చాలామంది నిజంగానే అంతే తాగి వెళ్తారు. బలవంతం చేయొద్దు, కానీ ఎండలో క్వారీకి వెళ్తున్నారు కాబట్టి రెండు అరటిపళ్ళు, బిస్కెట్ ప్యాకెట్, నీళ్ళ సీసా కట్టి కారులో పెట్టించు.

ట్రంకు రోడ్డు ఒంగోలు

ఇదంతా చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను, పెద్దాయన విషయం నేను ఆలోచించలేదు. అయినా దోశ మాత్రం వదలొద్దమ్మా. కారం లేకుండా, నెయ్యి వేసి పంచదార చల్లి వేడివేడిగా ఒకటి రుచి చూపించండి. మన పిల్లలకి వేసిపెట్టేది అదే కదా, తీపి తినేవాళ్ళకి ఎందుకు నచ్చదు?

కోవూరు వంటమనిషి

ఇది బ్రహ్మాండమైన మాట. ఓడలో నేను అలాగే వేసేవాడిని, పల్చగా వేస్తే వాళ్ళ క్రెప్‌లా (పల్చని అట్టులా) అనుకుని తినేవాళ్ళు. పిండి పులవకుండా చూసుకోండి. "వువోలె అస్సజ్జారె?" అంటే రుచి చూస్తారా అని. "నొన్ ఎ పిక్కాన్తె" అంటే కారంగా ఉండదు అని. ఈ రెండో వాక్యం ముందు చెప్తే ధైర్యంగా నోట్లో పెట్టుకుంటారు.

చీమకుర్తి అమ్మాయి

అందరికీ నమస్కారం. వాళ్ళు వచ్చారు, ఇవాళ నాలుగో రోజు. ఏం జరిగిందో మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

సోమవారం రాత్రి భోజనాలయ్యాక నోట్‌బుక్ పట్టుకుని పెద్దాయన దగ్గరికెళ్ళి "లేయ్ కోసా ప్రెన్దె ఆ కొలత్సియోనె?" అన్నాను. చేతులు వణికాయి. ఆయన తల ఎత్తి నన్ను చూసి కుర్చీ పక్కకి జరిపి కూర్చోమన్నారు, ఆ తర్వాత గబగబా ఏదేదో చెప్పారు. నాకు అందినవి కఫ్ఫెలాత్తె, పానె, మియేలె. పానె అంటే రొట్టె అని తెలుసు, మియేలె ఏంటో పక్కనున్న అబ్బాయి ఇంగ్లీషులో చెప్పాడు, తేనె. తిననిది ఏమైనా ఉందా అంటే ఆయన కడుపు మీద చెయ్యి వేసుకుని వెల్లుల్లి వద్దన్నట్టు సైగ చేశారు. పోయినేడాది అల్లం చట్నీలో అమ్మ వెల్లుల్లి కూడా వేసింది. ఆ వచ్చినవాళ్ళు వేరే అయినా నాకు మనసు చివుక్కుమంది.

వాళ్ళతో వచ్చిన ఆవిడ "సోలొ ఉన్ కఫ్ఫే" అనే అంది, అన్నయ్య చెప్పినట్టే. పళ్ళు కట్టి ఇచ్చాం, మధ్యాహ్నం ఖాళీ సంచి తిరిగొచ్చింది. రస్కులు మొదటి రోజే ఒక ప్యాకెట్ అయిపోతే ఒంగోలు నుంచి ఇంకా తెప్పించాం. డికాక్షన్ రెండు పూటలు దించాల్సి వస్తోంది.

దోశ ఇవాళ పొద్దున వేసింది అమ్మ. పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, నేను "నొన్ ఎ పిక్కాన్తె" అన్నాక ఒక ముక్క తుంచారు. తర్వాత మొత్తం తిన్నారు. తిని వంటింటి గుమ్మం దాకా వచ్చి అమ్మకి ఖాళీ ప్లేటు చూపించి "ఆన్కోరా" అన్నారు. అమ్మ నా వైపు చూసింది. నాకూ తెలియలేదు, కానీ ప్లేటు చూస్తే తెలిసిపోయింది, ఇంకొకటి అని. మూడు తిన్నారు మొత్తం. మూడోదానికి అమ్మే ముందుగా "ఆన్కోరా?" అని అడిగింది, నేను నేర్పలేదు.

రేపు సాయంత్రం బయల్దేరతారు. అమ్మ ఒకటే అడుగుతోంది, "మళ్ళీ రండి" అని తనే చెప్పాలట, నేను చెప్పకూడదట. ఎలా అనాలి?

కావలి టు పాదొవా

నలుగురికీ కలిపి "తొర్నాతె ఆ త్రొవార్చి". మళ్ళీ మమ్మల్ని చూడ్డానికి రండి అని. పెద్దాయన ఒక్కరికే అయితే "తోర్ని ఆ త్రొవార్చి". "వార్" దగ్గర కాస్త ఒత్తి సాగదీయమని చెప్పు అమ్మకి.